బీరువాలో దాచిన గేమ్‌ను ఈ రాత్రే బయటికి తీయండి

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం పాత వీడియో గేముల మీద ఇష్టం ఉన్నవాళ్లు కలిసిన చోట, ఊళ్లో చాలా ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ రిపేరు అంగడి నడుపుతున్న ఒకాయన మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే. నాయనా, ఆ పైన తిరిగే ఫ్యాన్ ఒక్కటి ఆపు. ఈ బల్ల మీద స్క్రూలు చాలా చిన్నవి, ఒకటి కింద పడితే మళ్లీ దొరకదు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్లలో చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ ఉంది? గేమ్ బాయ్ కావచ్చు, పీఎస్పీ కావచ్చు, చిన్నప్పటి బ్రిక్ గేమ్ కావచ్చు. చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. లోపలి సెల్లు తీసి దాచినవాళ్లు ఎంతమంది? ఒకటి, రెండు, అక్కడొకటి. మూడే మూడు చేతులు. నేను ఈరోజు చెప్పాలనుకున్నదంతా ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఉంది. మనం దాచాం కదా, భద్రంగా ఉందిలే అనుకుంటాం. కానీ నా అంగడికి వచ్చేవాటిలో ఆడి ఆడి చెడిపోయినవి తక్కువ. దాచి దాచి చెడిపోయినవి ఎక్కువ. మళ్లీ చెబుతున్నాను, దాచి దాచి చెడిపోయినవే ఎక్కువ.

అసలు మన వైపుకి ఇవి ఎట్లా వచ్చాయి? పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఇక్కడ గేమ్ బాయ్ అమ్మే అంగడి ఎక్కడుంది? పీలేరు, రాయచోటి, మదనపల్లె వైపు ప్రతి వీధిలో ఒకరు కువైట్‌లో ఉండేవాళ్లు. సెలవుకు వచ్చేటప్పుడు పెట్టెలో సెంటు సీసాలు, దుప్పట్లు, పిల్లలకు ఒక గేమ్. లేదంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి బర్మా బజారులో కొనుక్కు వచ్చేవాళ్లు. అందుకే ఈ ఊళ్లో ఏ గేమ్ బాయ్ తెరిచినా నాకు ఒక మామ కనబడతాడు, ఒక బాబాయి కనబడతాడు. అది ఎవరో ఒకరు కష్టపడి సంపాదించిన డబ్బుతో తెచ్చిన వస్తువు. నాకు దీని మీద ఇంత పట్టుదల ఉండడానికి ఒక కారణం అదే.

ఇదిగో, దీన్ని చూడండి. మొదటి గేమ్ బాయ్. 1989లో జపాన్‌లో వచ్చింది. తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగే ఛాయలు, రంగుల్లేవు, వెనక లైటు లేదు. ప్రాసెసరు వేగం నాలుగు మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన. అప్పటికే బజారులో ఇంతకంటే మంచి తెరలు లేవా? ఉన్నాయి. మరుసటి సంవత్సరం, 1990లో, సెగా కంపెనీ వాళ్ల గేమ్ గేర్ రంగుల తెరతో, వెనక లైటుతో వచ్చింది. కానీ దానికి ఆరు సెల్లు కావాలి, మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోతాయి. గేమ్ బాయ్‌కి నాలుగు సెల్లు వేస్తే పది గంటలకు పైనే ఆడుకోవచ్చు. ఏది నిలబడింది? గేమ్ బాయ్, దాని తర్వాతి గేమ్ బాయ్ కలర్ కలిపి ప్రపంచమంతా 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

దీని వెనక ఉన్న మనిషి గున్‌పే యోకోయ్. గేమ్ బాయ్ చేసిన నింటెండో కంపెనీలో ఇంజనీరు. ఆయన పద్ధతి ఏమిటంటే, పాతబడి బాగా నలిగిన, చవగ్గా దొరికే టెక్నాలజీ తీసుకుని దాన్ని ఎవరూ అనుకోని పనికి వాడడం. లెక్కల కాలిక్యులేటర్లకు వాడే తెరలు, చిప్పులు చవకైనప్పుడు వాటితోనే 1980లో గేమ్ అండ్ వాచ్ అనే జేబు గేములు చేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పాత కంప్యూటర్ల దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు సెల్లు. వెనక మూత తీస్తాను, కాస్త దగ్గరికి రండి. లైటు ఇటు తిప్పు నాయనా. కనబడుతోందా? ఈ స్ప్రింగు మొదట్లో తెల్లగా పొడి పట్టింది, దాని కింద చిలుము పచ్చగా, నీలంగా. ఇది నిన్న ఒక అక్క తెచ్చి ఇచ్చింది. 15 ఏళ్లుగా బీరువాలో చీరల మధ్య ఉందట. సెల్లు లోపలే ఉన్నాయి. సెల్లు కారింది. కారిన రసం స్ప్రింగుతో ఆగదు, తీగ పట్టుకుని లోపలి బోర్డు దాకా పాకుతుంది, సన్నటి రాగి ట్రాకుల్ని తినేస్తుంది.

దీన్ని ఎట్లా శుభ్రం చేయాలి? వీడియోల్లో వెనిగర్ వేయండి, నిమ్మరసం వేయండి అని చెబుతారు. అది ఆల్కలైన్ సెల్లుకు సరైన మాటే. ఆల్కలైన్ సెల్లులోంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. దాన్ని పులుపుతో విరగ్గొట్టాలి. కానీ మన ఇళ్లలో రిమోట్‌కి, గోడ గడియారానికి వేసే చవక సెల్లు చాలావరకు జింక్ కార్బన్ రకం. అది కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న రసం. దాని మీద నిమ్మరసం పిండితే ఏమవుతుంది? పుండు మీద కారం చల్లినట్టే. దానికి వంటసోడా నీళ్లు కావాలి. అందుకని ముందు సెల్లు తీసి దాని మీద ఏం రాసుందో చదవండి. ఆల్కలైన్ అని ఉంటే నిమ్మరసం, లేకపోతే వంటసోడా. చేతికి గ్లౌజు వేసుకోండి. దూదిపుల్లతో అద్దాలి, పోయకూడదు. సన్నగా బుడగలు వచ్చి ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో తుడవాలి, ఇన్వర్టరు బ్యాటరీలో పోస్తాం కదా, అదే. ఆఖర్న ఐపీఏతో తుడిచి ఆరబెట్టాలి. ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతం పైన ఉన్నది తీసుకోండి. చేతులు తుడుచుకునే శానిటైజరు వద్దు, అందులో నీళ్లూ జిగురూ ఉంటాయి.

తెర మీద నిలువు గీతలు వస్తాయి, అది ఈ మోడల్‌కు ఉన్న పాత జబ్బు. తెర కింది అంచున ఒక రిబ్బను ఉంటుంది, వేడితో అతికించింది. ఏళ్లు గడిచే కొద్దీ అతుకు వదిలి, ఆ వరుసలో చుక్కలు రావు. సోల్డరింగ్ ఐరన్ వేడి తగ్గించి, మొన శుభ్రంగా తుడిచి, గేమ్ ఆన్‌లో ఉండగానే ఆ రిబ్బను అంచు మీద మెల్లగా ఇటు నుంచి అటు లాగాలి. ఎక్కడా ఆపకూడదు. పసిబిడ్డకు కాటుక పెట్టినంత మెత్తగా. చేస్తూ ఉండగానే గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి, చూడడానికి ఎంత బాగుంటుందో. అడ్డగీతలైతే వేరు, అవి పక్క అంచువి, అంత సులువుగా రావు.

ఇక బటన్లు సరిగా పడకపోతే రబ్బరు ప్యాడ్లు తీసి సబ్బు నీళ్లతో కడిగితే చాలు. స్విచ్చి ఆన్ చేయగానే బొమ్మ వణికితే సెల్లు తీసేసి స్విచ్చిని ఓ ఇరవై సార్లు అటూ ఇటూ జరపండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. గేమ్ గేర్ ఉన్నవాళ్లది పెద్ద పని. అందులో కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు పట్టి ఉంచే చిన్న డబ్బీలు, కారతాయి, బొమ్మ మసకబారుతుంది, శబ్దం పోతుంది. అన్నీ మార్చాల్సిందే. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు దాంతో మొదలుపెట్టకండి.

క్యాసెట్టులో ఉన్న బటన్ సెల్

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. క్యాసెట్టు అంటాం కదా మనం, కార్ట్రిడ్జ్. అందులో కూడా ఒక సెల్లు ఉంటుందని ఎంతమందికి తెలుసు? గేమ్ ఎక్కడిదాకా ఆడారో దాచుకునే క్యాసెట్లు చాలావాటిలో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. దానికి కరెంటు అందుతున్నంత సేపే గుర్తుంటుంది. మీరు గేమ్ ఆపేశాక దానికి కరెంటు ఎక్కడిది? ఆ బటన్ సెల్లే. మూడు వోల్టులు. పాతికేళ్ల కిందట ఫ్యాక్టరీలో వేసిన సెల్లు ఈ క్షణం కూడా చీకట్లో కూర్చుని మీ ఆటను మోస్తూ ఉంటుంది. ఎంత కాలం మోస్తుంది? ఏదో ఒకరోజు అయిపోతుంది, దాంతో ఆటా పోతుంది.

పోకేమాన్ గోల్డ్, సిల్వర్ లాంటి ఆటల క్యాసెట్లలో లోపల గడియారం కూడా నడుస్తుంది, కాబట్టి సెల్లు ఇంకా ముందే అయిపోతుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన రూబీ, సఫైర్‌లలో మాత్రం ఆట ఫ్లాష్ మెమరీలో, అంటే కరెంటు లేకపోయినా గుర్తుంచుకునే చిప్పులో ఉంటుంది, సెల్లు గడియారానికే. అందులో సెల్లు పోయినా ఆట పోదు. ఏ క్యాసెట్టులో ఏ రకం ఉందో తెలుసుకున్నాకే చేయి పెట్టాలి. ఇది నాకు ఎట్లా తెలిసిందో చెబుతాను.

మా తమ్ముడికి 2001లో మా మామ కువైట్ నుంచి గేమ్ బాయ్ కలర్, సిల్వర్ క్యాసెట్టు తెచ్చాడు. వాడు రెండేళ్లు దాంతోనే పడుకున్నాడు, దాంతోనే లేచాడు. ఆ ఆటలో గెలవాల్సిన పదహారు బ్యాడ్జీలూ గెలిచాడు. తర్వాత వాడే కువైట్ పోయాడు. 2012లో ఒక రాత్రి ఫోన్ చేసి, అన్నా, నా గేమ్ ఉందా, ఆన్ అవుతోందా అని అడిగాడు. అటక మీద నుంచి దింపి పెట్టి చూస్తే ఆన్ అయింది. తెర మీద వాడి పేరు, ఆడిన గంటలు 140 చిల్లర. ఫోన్లోనే చదివి వినిపించాను. అవతల వాడు కాసేపు మాట్లాడలేదు. సెల్లు పాతది కదా, ఎప్పుడు పోతుందో ఏమో, నేను కొత్తది వేసి పెడతాను అన్నాను. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. ఆ మర్నాడు అంగడిలో క్యాసెట్టు తెరిచి, పాత సెల్లు తీసి, కొత్తది శుభ్రంగా సోల్డర్ చేశాను. ఆన్ చేస్తే కొత్త ఆట అనే వచ్చింది. పాత ఆట లేదు. పాత సెల్లు తీసి కొత్తది పెట్టే ఆ కొద్దిసేపు మెమరీకి కరెంటు లేదు, అంతే. 140 గంటలు పోయాయి. వాడు ఏమీ అనలేదు, పోనీలే అన్నా అన్నాడు. నాకు మాత్రం ఈరోజుకీ ఆ తెర కళ్ల ముందు ఉంది.

కాబట్టి మీరు అట్లా చేయకండి. ముందు క్యాసెట్టును రీడర్‌లో పెట్టండి. ఇదిగో, ఇంత చిన్న బోర్డు, యూఎస్‌బీతో కంప్యూటరుకు తగిలిస్తాం. ఆటనూ, మీరు దాచుకున్నదాన్నీ విడివిడిగా ఫైళ్లుగా తీసుకుంటుంది. రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. ఆ తర్వాతే సెల్లు మార్చండి. మార్చాక ఆ ఫైలును తిరిగి క్యాసెట్టులోకి రాసేయవచ్చు. మా తమ్ముడి గేమ్ రోజున ఇది నా దగ్గర లేదు.

సెల్లు నంబరు చూసే కొనండి. సీఆర్ 2025 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల మందం. సీఆర్ 1616 అంటే 16 వెడల్పు, 1.6 మందం. అన్నీ మూడు వోల్టులే, కానీ మందం తేడా వస్తే క్యాసెట్టు మూత పడదు. కాళ్లు అతికించి ఉన్న సెల్లే అడగండి. మామూలు బటన్ సెల్ మీద నేరుగా ఐరన్ పెట్టకూడదు, వేడికి పగిలిపోతుంది. కొందరు టేపు వేసి నొక్కి పెడతారు. జేబులో ఒక్కసారి కదిలితే చాలు, మళ్లీ మొదటికే వస్తుంది.

పీఎస్పీ ఉన్నవాళ్లు వినండి. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, 2004లో వచ్చిన పీఎస్పీ, నింటెండో డీఎస్, వీటన్నిటిలో ఉండేది చార్జింగు పెట్టే లిథియం బ్యాటరీ. దీనికి శత్రువు వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం కదా, మన తిరుపతి మిద్దె మీద గదిలో అటక మీద పెడితే ఆ బ్యాటరీ ఏం కావాలి? ఉబ్బుతుంది. వెనక మూత సరిగా పడడం లేదంటే అర్థం అదే. ఉబ్బినదాన్ని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగు అసలే పెట్టకండి. తీసి ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి, చెత్తబండిలో వేయవద్దు. బాగున్న బ్యాటరీని సగం చార్జింగులో ఉంచి, బయటికి తీసి, చల్లటి చోట దాచండి. నిండా చార్జ్ చేసి దాచినా చెడే, పూర్తిగా సున్నా చేసి దాచినా చెడే. ఆరు నెలలకు ఒకసారి తీసి చూడండి. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అనుకోండి, గుర్తుంటుంది. దసరాకు ఆయుధ పూజ చేస్తాం కదా, పూజలో పెట్టే ముందు ఆ పని చేయండి.

2021 నవంబరులో మన ఊళ్లోకి నీళ్లొచ్చాయి, అందరికీ తెలుసు. ఆ వారం నా అంగడికి వచ్చిన సామానులో బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చినవే ఎక్కువ. బియ్యం ఏం చేస్తుంది? పైన తడి కాస్త పీల్చవచ్చు, లోపల బోర్డు మీద బురద అట్లాగే ఎండుతుంది. తడిసినదాన్ని ఆన్ చేసి చూడకండి. వెంటనే సెల్లు తీయాలి, విప్పాలి, బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఆ తర్వాత ఐపీఏతో కడగాలి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయాలి.

మూలన పడ్డ కంప్యూటరు

ఇక రెండో సంగతి. పాత కంప్యూటరు. ఒక ఆఫీసువాళ్లు పారేస్తుంటే నేను తెచ్చుకున్న డబ్బా ఇది. కోర్ 2 డుయో ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్. ఇప్పటి విండోస్ వేస్తే కదలదు. మరి పనికిరాదా? యోకోయ్ గురించి చెప్పాను కదా. నాలుగు మెగాహెర్ట్జ్ మిషన్ చేసిన ఆటను రెండు వేల మెగాహెర్ట్జ్ ఉన్న ఈ డబ్బా ఆడించలేదా? గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్, మన చిన్నప్పటి టీవీ గేమ్ మారియోలు, మొదటి ప్లేస్టేషన్ దాకా ఇది హాయిగా నడుపుతుంది. పీఎస్పీ ఆటలు కొన్ని నడుస్తాయి, కొన్ని తడబడతాయి. ప్లేస్టేషన్ 2 మాత్రం ఆశ పెట్టుకోకండి.

ముందు శుభ్రం చేయాలి. మిద్దె మీదికి తీసుకుపోయి బ్లోయరుతో దుమ్ము కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు పోతుంది. ప్రాసెసరు మీద వేడిని లాగే పేస్టు ఎండి విభూతిలాగా రాలుతూ ఉంటుంది, తుడిచి కొత్తది బఠానీ గింజంత పెట్టండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 సెల్లు మార్చండి. కెపాసిటర్ల తలలు చూడండి, చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బి ఉంటే వాటిని మార్చాకే ముందుకు పోవాలి. 2000 ప్రాంతంలో వచ్చిన బోర్డుల్లో ఆ జబ్బు బాగా ఎక్కువ. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, పిల్లలు వినాలి. కంప్యూటరుకు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పకండి, అందులో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు తీసినా కాసేపు నిలిచే ఉంటుంది. పాత డబ్బా మానిటరు అసలే విప్పకండి, దాని గాజు గొట్టం దగ్గర 20 వేల వోల్టుల పైమాటే.

తర్వాత హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగంగా పనిచేసే చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే మంచిది, వేయకపోయినా ఫర్వాలేదు. పాత ఆటలు నడిపే బటోసెరా అని ఒకటి ఉంది, విండోస్ లాంటిదే అయిన లినక్స్ మీద కట్టింది, ఉచితం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే చాలు, కంప్యూటరులో ఉన్నదాన్ని ముట్టుకోకుండా అదే నడుస్తుంది. లక్కా అని ఇంకొకటి ఉంది. ప్రాసెసరు 64 బిట్‌ది అయి ఉండాలి, అది ముందు చూసుకోండి. అంతకంటే పాత పెంటియం ఉంటే? తేలికైన లినక్స్ వేసి, పాత డాస్ ఆటలు నడిపే డాస్‌బాక్స్ పెట్టండి. కాలేజీ ల్యాబుల్లో మేష్టారు బయటికి పోగానే ఆడుకున్నామే, డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, వాటికి అది చాలు.

మానిటరు సంగతి చెప్పాలి. పాత 15 అంగుళాల చదరపు ఎల్‌సీడీలను ఎవరూ కొనరు, ఊరికే ఇచ్చేస్తారు. కానీ ఈ ఆటలకు అదే మంచిది. ఎందుకు? దాని తెర 1024 చుక్కలు, 768 చుక్కలు. గేమ్ బాయ్ బొమ్మ 160, 144. ఐదుతో గుణించండి. 800, 720. తెరలో చక్కగా పడుతుంది. ఒక్కో చుక్క ఐదుకు ఐదు చుక్కల గడి అవుతుంది, అంచులు గీసినట్టు వస్తాయి. గేమ్ బాయ్ అడ్వాన్స్ 240, 160. నాలుగుతో గుణిస్తే 960, 640, అదీ పడుతుంది. సెట్టింగులో ఇంటిజర్ స్కేల్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. పెద్ద టీవీలో సాగదీసిన మారియోకీ, దీనికీ తేడా మీరే చూడండి, అదిగో ఆ మూల బల్ల మీద నడుస్తోంది.

ఆటలు ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. మీ క్యాసెట్టు మీ దగ్గరుంది, రీడరుతో మీరే తీసుకోండి, దాన్నే ఆడండి. క్యాసెట్టు లేనివాళ్లకు, ఇప్పటికీ గేమ్ బాయ్ కోసం కొత్త ఆటలు రాసి ఉచితంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లవి ఆడండి. ఊరూ పేరూ లేని సైట్ల నుంచి వేల ఆటల మూటలు దించుకోవడం తప్పు. దాంతోపాటు వైరస్ కూడా దిగుతుంది.

సరే, మాటలు చాలు. మూడు బల్లలు పెట్టాం. మొదటి దాని దగ్గర సెల్లు తీసి శుభ్రం చేయడం, రెండో దాని దగ్గర క్యాసెట్లు, మూడోది కంప్యూటరు. సోల్డరింగు నేర్చుకోవాలనుకునేవాళ్లకు పాత బోర్డులు ఇస్తాను, ముందు వాటి మీద చేయి తిప్పండి. అక్కా, మీ గేమ్ బాయ్ స్ప్రింగు తుడిచాను, ఆరుతోంది, వెళ్లేటప్పుడు ఆన్ చేసి చూపిస్తాను. నువ్వేం తెచ్చావు నాయనా? మీ నాన్నదా? సిల్వర్ క్యాసెట్టేనా? ఆగు, మూత తీయకు. ముందు రీడరులో పెడదాం. అందులో ఎవరి పేరు ఉందో చూద్దాం రా.